పేరు కన్నా రుచి సంగతి చెప్పండి

ఓపల్ ఫ్రూట్స్ అనే పండ్ల రుచుల నమిలే మిఠాయి పేరు బ్రిటన్‌లో 1998లో స్టార్‌బర్స్ట్‌గా మారిందని మీ వ్యాసంలో రాశారు. చదివితే అప్పుడే కొత్తగా పుట్టించిన పేరేమో అనిపిస్తోంది. కాదండీ. మార్స్ కంపెనీ 1960లో బ్రిటన్‌లో తెచ్చిన మిఠాయి ఇది. తర్వాత అమెరికా వెళ్లి అక్కడ స్టార్‌బర్స్ట్ అయింది. చాలా ఏళ్లకి ఆ పేరునే బ్రిటన్‌లోనూ తగిలించారు. 1990లో అక్కడి మారథాన్ అనే చాక్లెట్ బార్ పేరును స్నికర్స్ చేసిందీ వీళ్లే. దేశానికో పేరుంటే ప్రకటనలూ ప్యాకింగూ అన్నీ వేరే పెట్టుకోవాలి కదా, కంపెనీ లెక్క కంపెనీది.

నా కడుపుమంటంతా నిమ్మ గురించే. మొదట్లో స్ట్రాబెర్రీ, నారింజ, పసుపు నిమ్మ, పచ్చ నిమ్మ దేనికదే ఉండేవి. తర్వాత రెండు నిమ్మల్నీ ఒకే బిళ్లలో కలిపేసి, బ్లాక్‌కరెంట్ అనే చిన్న నల్ల పండు రుచిని తెచ్చారు. కాగితం విప్పి నోట్లో వేసుకోగానే దవడల దగ్గర జివ్వుమని, నమిలేకొద్దీ పళ్లకి అతుక్కుపోయే ఆ పచ్చ నిమ్మ బిళ్లను తీసేయాలని ఎవరికి అనిపించిందో! అమెరికాలోనైతే దాని చోట చెర్రీ పెట్టారు, అదింకా అన్యాయం.

2008లో పాత పేరుతో కొన్నాళ్లు మళ్లీ అమ్మారు. ఆ ముక్క కూడా వ్యాసంలో చేర్చాల్సింది.