సూటో కాదో తేల్చే ఒరాకిల్ గారికి

మహారాజశ్రీ ఒరాకిల్ గారికి,

నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి. మీ కుశలం ఎవరు ధ్రువీకరించాలో తెలియదు గానీ, ఇక్కడ అందరం క్షేమం.

మీ పేరు నేను మొదట చూసింది అమీర్‌పేట గోడల మీద. అప్పట్లో ఒరాకిల్ అంటే డేటాబేస్ కోర్సు, ఫీజు రెండు వాయిదాల్లో. నేర్చుకున్నవాళ్లు అమెరికా వెళ్లారు, నేర్చుకోనివాళ్లం కొందరం క్రిప్టోలో పడ్డాం. పడ్డాకే తెలిసింది, ఆ ఒరాకిల్ వేరు, బయటి సంగతులు కోడ్‌కు చేరవేసే తమరు వేరు అని.

నన్ను ఇందులోకి లాగింది మా బావమరిది. "మధ్యలో మనిషే ఉండడు బావా, లాయర్ లేడు, రిజిస్ట్రార్ లేడు, టీ ఖర్చులు లేవు. అన్నీ కోడే చూసుకుంటుంది" అన్నాడు. చూసుకుంటుందన్న మాటే కొంప ముంచింది. దానికి చూపే లేదు కదండీ! ఆ కోడ్ ఒప్పందాన్నే స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు, అది అచ్చంగా ధృతరాష్ట్రుడు. బలానికి లోటు లేదు, ఫలానావాడికి డబ్బు పంపమంటే ఎవరు అడ్డుపడ్డా ఆగదు. కానీ బయట వాన పడుతోందా, మ్యాచ్ ఎవరు గెలిచారు, డాలర్ ఎంతుంది, ఇవేవీ దానికి కనబడవు. పక్కన ఓ సంజయుడు కూర్చుని చెప్పాలి. ఆ సంజయుడు మీరు. ఆయనకు దివ్యదృష్టి వ్యాసుడు ఊరికే ఇచ్చాడు. మీకైతే టోకెన్ అని సొంత క్రిప్టో నాణెం ఒకటి ఉంది, దానికో ధర ఉంది, ఆ ధర ఎంతో చెప్పడానికి మళ్లీ ఇంకో ఒరాకిల్ ఉంది.

అసలు ఈ ఉత్తరం రాయించింది ఆ సూట్ గొడవ. 2025లో పాలీమార్కెట్ అనే పందేల సైట్‌లో ఒక పందెం నడిచింది: ఉక్రెయిన్ అధ్యక్షుడు జెలెన్‌స్కీ జూలైలోపు సూట్ వేసుకుంటాడా, లేదా? యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఆ మనిషి సైనికుల తరహా బట్టల్లోనే తిరిగేవాడు. జూన్ 24న నాటో సమావేశాలకని హేగ్ వచ్చినప్పుడు మాత్రం నల్ల కోటు, నల్ల ప్యాంటు. టై లేదు. సూట్ అని పేపర్లు రాశాయి. పందెం కాసినవాళ్లు ఇక డబ్బు వచ్చేస్తుందనుకున్నారు.

అక్కడ మీ పద్ధతి వేరు. ఎవరో ఒకరు కొంత డిపాజిట్ కట్టి 'ఇదే జవాబు' అంటారు. రెండు గంటల్లో ఎవరూ కాదనకపోతే అదే నిజమైపోతుంది. కాదంటే తగవు యూమా టోకెన్లున్నవాళ్ల ఓటుకు పోతుంది; యూమా అంటే ఆ సైట్ వాడే ఒరాకిల్, అంటే తమరే. టోకెన్లు ఎక్కువున్నవాడికి ఓట్లూ ఎక్కువే. మెజారిటీ వైపు నిలబడితే బహుమానం, అటువైపు పడితే కోత. ఇలా పెట్టాక ఓటేసేవాడు ఫోటో ఎందుకు చూస్తాడండీ? పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం వదిలేసి పక్కవాడి పేపర్లోకి తొంగిచూస్తాడు. తీరా ఆ పక్కవాడు వీడి పేపర్లోకే చూస్తుంటాడు.

చివరికి సూట్ కాదని తేల్చారు. 20 కోట్ల డాలర్లకు పైగా చేతులు మారిన పందెమిది. ఆ ఫోటో మా వీధి టైలర్‌కు చూపించాను. మెడలో టేపు తియ్యకుండానే, "కోటూ ప్యాంటూ ఒకే తాను గుడ్డయితే సూటే సార్, టై మీరు కొనుక్కునేది, నేను కుట్టేది కాదు" అన్నాడు. ఆయన దగ్గర టోకెన్లు లేవు కాబట్టి ఆ మాట లెక్కలోకి రాదు.

ధరల విషయంలోనూ మీ ఘనత తక్కువేం కాదు. 2019 జూన్‌లో సింథెటిక్స్ అనే క్రిప్టో వేదికకు కొరియా వాన్ విలువ వెయ్యి రెట్లు పెంచి చెప్పారు. తనంతట తానే బేరాలాడే ప్రోగ్రాం ఒకటి, బాట్ అంటారు, ఆ సందు చూసుకుని గంటలోపే ఈథర్ ధరను అనుసరించే సింథెటిక్ ఈథర్ నాణేలు 3 కోట్ల 70 లక్షలు మూటగట్టుకుంది. బాట్ యజమాని బహుమానం పుచ్చుకుని వెనక్కిచ్చాడు కాబట్టి సరిపోయింది. ఆ గంటసేపు తామెంత ధనవంతులో పాపం కొరియావాళ్లకు తెలియనే తెలియదు.

మీ వంశంలో బుద్ధిమంతులు లేరనను. 2017లో థాడియస్ డ్రైజా అనే ఆయన డిస్క్రీట్ లాగ్ కాంట్రాక్ట్ అనే ఒప్పంద పద్ధతి ఒకటి రాశాడు, చదివి ముచ్చటపడ్డాను. అందులో మీరు ఒకసారికే పనికొచ్చే రహస్య సంఖ్య ఒకటి పెట్టుకుని, దాని గుర్తును మాత్రం ముందే చాటాలి. ఫలితం తేలాక దాని మీద సంతకం చేస్తారు. ఆ సంతకమే తాళంచెవి, గెలిచినవాడు దానితో తన డబ్బు తీసుకుంటాడు. పందెం కాసిందెవరో, ఎంతకో మీకు తెలియను కూడా తెలియదు. అన్నిటికన్నా నచ్చింది శిక్ష. అదే సంఖ్యతో అటూ ఇటూ రెండు ఫలితాల మీద సంతకం పెట్టారో, మీరు సంతకాలకు వాడే రహస్య సంఖ్య, అదే ప్రైవేట్ కీ, ఊరందరికీ తెలిసిపోతుంది. రెండు సమీకరణాలు, రెండు తెలియని రాశులు, పదో తరగతి పిల్లాడు సాధించేస్తాడు. రెండు నాలుకల మనిషికి ఇంతకన్నా చక్కటి శాస్తి మా పురాణాల్లో కూడా చూడలేదు.

అయితే ఒక అనుమానం. ఒక్క నాలుకతో, ఒక్కసారే, తడుముకోకుండా అబద్ధమాడితే? అప్పుడు మీ కీ భద్రం. సంతకం మీదేనని లెక్క ఒప్పుకుంటుంది, డబ్బు తప్పు చేతికి పోతుంది, సమీకరణం నోరెత్తదు.

బిట్‌కాయిన్ తొలినాళ్లలో మీ గురించి చెప్పడానికి ఒక తాత కథ వాడేవారు. మనవడికి 18 ఏళ్లు నిండినా, తాను పోయినా, ఏది ముందైతే అప్పుడు ఆస్తి మనవడికి చేరాలని తాత కోరిక. పోయాడని సంతకం పెట్టాల్సింది మీరు. ఇది చదవగానే నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. ఏటా నవంబర్‌లో బ్యాంకుకు వెళ్లి బతికే ఉన్నానని రుజువు చేసుకుంటేనే పెన్షన్. పట్టాల మీద సుత్తి పట్టిన వేళ్లు, గీతలన్నీ అరిగిపోయాయి. మొన్న బొటనవేలు మూడుసార్లు పెట్టినా మిషన్ ఒప్పుకోలేదు. కౌంటర్‌లో అమ్మాయి మంచిదే. "మీరున్నారని నాకు తెలుసు తాతగారూ, సిస్టమే తీసుకోవట్లేదు" అంది. తాతయ్య నా వైపు తిరిగి, "ఏరా, ఇప్పుడు నేను ఇంటికెళ్లొచ్చా, లేకపోతే అటేనా?" అన్నాడు.

చివరికి ఆ అమ్మాయే సొరుగులోంచి వాసెలిన్ డబ్బా తీసి, వేలికి రాసి, చున్నీ అంచుతో తుడిచి, తనే చెయ్యి పట్టుకుని గాజు మీద నొక్కింది. మిషన్ కూత పెట్టింది. తాతయ్య ఉన్నాడట.

వచ్చే నవంబర్‌కు మళ్లీ వెళ్లాలి. వీలుచూసుకుని తమరూ ఒకసారి రండి. వాసెలిన్ డబ్బా మేమే తెస్తాం.

ఇట్లు,
టై లేని ఒక విధేయుడు