ఆ పిల్లలకి చదువు మీద శ్రద్ధ లేదనకండి, దయచేసి

మొన్న ఆదివారం డాలస్‌లో తెలిసినవాళ్ళింట్లో పాట్‌లక్. మాటల మధ్య ఒకాయన అనేశారు, "ఈ మెక్సికన్ పిల్లలకి చదువు మీద ఇంట్రెస్టే ఉండదండీ, హైస్కూల్ అవగానే పనిలోకి పోతారు" అని. చుట్టూ ఉన్నవాళ్ళు తలూపారు. నాకు అక్కడ నోరు పెగల్లేదు. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

నేను శనివారాలు మా ఊరి లైబ్రరీలో హైస్కూల్ పిల్లలకి ఫాఫ్సా ఫారం నింపిపెడతాను. కాలేజీ ఖర్చుకి ప్రభుత్వం చేసే సాయం కోసం పెట్టుకునే దరఖాస్తు అది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది హిస్పానిక్ పిల్లలే, అంటే మెక్సికో లాంటి స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు.

2024 మొదట్లో ఒకమ్మాయి వాళ్ళమ్మతో వచ్చింది. పిల్ల ఇక్కడే పుట్టింది, సిటిజెన్. తల్లికి మాత్రం సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబరు, లేదు. ఆ ఏడాది వచ్చిన కొత్త ఫారం, తల్లిదండ్రులకి ఆ నంబరు లేకపోతే వారాల తరబడి ముందుకే కదల్లేదు. ఆవిడ రాత్రంతా ఆఫీసులు శుభ్రం చేసి, పొద్దున డ్యూటీ దిగి నేరుగా లైబ్రరీకి వచ్చేది. హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి ముగ్గురం ఎదురుచూసేవాళ్ళం. పే స్లిప్పులన్నీ తేదీల వారీగా పేర్చి, రబ్బరు బ్యాండు వేసి సంచిలో తెచ్చుకునేది. ఒక్క శనివారం కూడా మానలేదు. ఈ ఇంటికి చదువు మీద శ్రద్ధ లేదంటే నేనెలా ఒప్పుకోను?

ఎలాగో ఫారం వెళ్ళింది, సీటూ వచ్చింది. ఆగస్టులో ఆ పిల్ల ఫోన్ చేసి, "నన్ను కాలేజీ వద్దన్నట్టుంది ఆంటీ" అంది. చూస్తే మెనింజైటిస్ (మెదడు పొరలకొచ్చే జబ్బు) టీకా కాగితం లేక రిజిస్ట్రేషన్ ఆపేశారు. టెక్సస్‌లో 22 ఏళ్ళలోపువాళ్ళు కాలేజీలో చేరాలంటే, టర్మ్ మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు ఆ టీకా పడాలి. ఈమెయిల్ ఎప్పుడో వచ్చింది. ఎక్కడ వేస్తారు, ఎంతవుతుంది అని అడగడానికి ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. ఒక్క సూది దగ్గర ఆ పిల్ల చదువు ఆగిపోబోయింది.

మనం వచ్చినప్పుడు కన్సల్టెన్సీలు, సీనియర్లు, ఎయిర్‌పోర్టు నుంచి పికప్, ముందే చూసిపెట్టిన రూము. వీసా ఆఫీసర్ ఏమడుగుతాడో కూడా ఎవరో ఒకరు చెప్పే పంపించారు. అదంతా మరిచిపోయి, మన కష్టంతోనే పైకొచ్చామనుకుంటున్నాం.

చదువు మీద ఇంట్రెస్ట్ లేకపోవడమేమిటి? 1968 మార్చిలో ఈస్ట్ లాస్ ఏంజెలిస్‌లో వేలమంది మెక్సికన్ అమెరికన్ పిల్లలు క్లాసులు వదిలి రోడ్డెక్కింది, మాకు సరైన చదువు చెప్పండి, కాలేజీకి పనికొచ్చే కోర్సులు పెట్టండి అనే. 2010లో హిస్పానిక్ యువతలో హైస్కూల్ పూర్తికాకుండా మానేసినవాళ్ళు దాదాపు 17 శాతం. 2021కి అది 8 శాతానికి దిగింది. ఇప్పుడు ఎక్కువమంది జారిపోతున్నది ఆ తర్వాతి మెట్టు దగ్గర.

ఆ మెట్టు దాటించడం తెలియని విద్య కాదు. కాలిఫోర్నియాలో 1981లో ఒక కమ్యూనిటీ కాలేజీలో పుయెంతే అనే కార్యక్రమం మొదలైంది. స్పానిష్‌లో వంతెన అని అర్థం. రాయడం నేర్పే టీచరు, ఒక కౌన్సెలర్, బయట ఉద్యోగం చేసుకునే ఒక పెద్దమనిషి, ముగ్గురూ కలిసి పిల్లల్ని కనిపెట్టుకుని ఉంటారు. నాలుగు దశాబ్దాలు దాటినా నడుస్తూనే ఉంది.

మా టెక్సస్ మాత్రం వెనక్కి నడిచింది. ఈ దేశంలో ఉండటానికి కాగితాలు లేని పిల్లలైనా ఇక్కడే హైస్కూల్ చదువుకుంటే కాలేజీలో స్థానికుల ఫీజే అని 2001లో దేశంలో మొదట చట్టం చేసింది ఈ రాష్ట్రమే. 2025 జూన్‌లో కేంద్రం దాని మీద కేసు వేస్తే అదే రోజు ఒప్పేసుకుంది, కోర్టు చట్టాన్ని ఆపేసింది. అమ్మానాన్నల హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఆధారపడి హెచ్-4 వీసాతో ఉండే మన పిల్లలకి 21 నిండితే ఆ వీసా పోతుంది; ఆ వయసు దగ్గరపడుతుంటే ఇంటిల్లిపాదీ పడే టెన్షన్ మనకి తెలుసు. ఈ బాధ మనకే అర్థం కాకపోతే ఇంకెవరికి అర్థమవుతుంది?

ఆ అమ్మాయికి ఆ సాయంత్రమే ఫార్మసీలో టీకా వేయించాం. గడువుకి రెండు రోజుల ముందు. ఇప్పుడు కాలేజీలో ఉంది.

అక్టోబరులో మళ్ళీ ఫారాలు మొదలవుతాయి. స్పానిష్ రాకపోయినా ఫర్వాలేదు, నాకూ రాదు. హెల్ప్‌లైన్ వాళ్ళు హోల్డ్‌లో పెట్టినప్పుడు ఆ తల్లుల పక్కన కూర్చునే మనిషి కావాలి. రాగలిగినవాళ్ళు నాకు మెసేజ్ పెట్టండి.