రాణి కలర్ పెద్దనాయన

మా చెల్లె పెళ్లి అయిపోయింది. ముహూర్తం తప్పలేదు, పిల్లగాడు మంచివాడు, మగపెళ్లివాళ్లలో ఎవరూ అలిగి వెళ్లిపోలేదు. వెళ్లిపోవడానికి సరిపడా కారణం దొరికింది గాని, సరిగ్గా అప్పుడే బగారా అన్నం, మటన్ దించారు.

నల్లగొండలో ఇప్పుడు ముందు ఫంక్షన్ హాల్ చూసుకుంటారు, తర్వాత పిల్లగాడిని. హాల్ కిరాయి ఒకటి చెప్తారు. కరెంటు వేరు, జనరేటర్ డీజిల్ వేరు, క్లీనింగ్ వేరు. వీటన్నిటి మీద డెకరేషన్ అతను వచ్చి ఫోన్‌లో ఒక స్టేజీ చూపించాడు. రెండు హంసలు, మధ్యలో నెమలి, వెనక జలపాతం. రేటు విన్నాక మా నాన్న ఫోన్ తిరిగి ఇచ్చేసి మంచినీళ్లు అడిగాడు. కల్యాణలక్ష్మి కింద లక్షా నూట పదహారు వస్తాయి కదా అని మా కాక గుర్తు చేశాడు. వస్తాయి. అప్లికేషన్, విచారణ, చెక్కు అన్నీ అయ్యాక వస్తాయి. హంసలవాడికి అడ్వాన్స్ మాత్రం రేపే కావాలి.

కాబట్టి డెకరేషన్ మనమే చేసుకుందాం అన్నాను. ఇంటి ముందు పందిరికి నేరేడు కొమ్మలు ఎలాగూ వేస్తాం. వచ్చినవాళ్లకు స్టీలు డబ్బాల బదులు మా మేనమామ తోట బత్తాయిలు పసుపు గుడ్డలో కట్టి ఇద్దాం. పోచంపల్లిలో ఉండే మా అత్త చిటికి (ఇక్కత్) బట్ట ముక్కలు అతికి అడ్డుతెర కుట్టిస్తానంది. ఐరేని కుండలకు కూడా మేమే రంగులేస్తామంటే అమ్మ ఒప్పుకోలేదు, అవి కుమ్మరి ఇంటి నుంచే రావాలంది. ఇక మిగిలింది స్టేజీ. పెళ్లిళ్ల సీజన్‌లో గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోయి పూలు తెచ్చేకంటే హంసలే నయం. అందుకే క్రేప్ పేపర్ పువ్వులు.

క్రేప్ పేపర్ పువ్వు చేయడం తేలికే. పట్టీగా కత్తిరించి, అంచు గుండ్రంగా కోసి, వేలితో సాగదీస్తే రెక్క వంగుతుంది. ఇనప తీగకు చుట్టి దారం కట్టాలి. రాత్రుళ్లు పిల్లలందరం మా ఇంటి హాల్లో కూర్చుని చేశాం. ఉక్కకు చేతులు చెమటపట్టి, గోరింటాకు పెట్టకముందే చెల్లె వేళ్లు ఎర్రబడ్డాయి. అది చూసి మా అత్త, "మేం నూలుకు రంగేస్తే నీళ్లు తెల్లగ వచ్చేదాక కడుగుతం. మీ కాగితాన్ని ఒక్కపారి నీళ్లల్ల ముంచి చూడుండ్రి" అంది. కాగితాన్ని నీళ్లలో ఎవరు ముంచుతారని అందరం నవ్వాం. మా అత్త నవ్వలేదు.

హాల్ మేనేజర్ కూడా నవ్వలేదు.

"బయటి డెకరేషన్ తెస్తే దానికి వేరే కట్టాలె సార్."

"డెకరేషన్ కాదన్నా, మా ఇంట్ల పిల్లలు చేసిన కాగితం పువ్వులు."

"పువ్వులు ఎవరియైనా సార్, గోడలు మాయి."

కట్టాం. సొంత పువ్వులు సొంత చేతులతో వేలాడదీసుకున్నందుకు రశీదు కూడా ఇచ్చాడు. పాపం జాలేసిందో ఏమో, చివర్లో స్టేజీకి అటొకటి ఇటొకటి పెద్ద ఫ్యాన్లు చూపించి, "ఎండలు గట్టిగున్నయి, ఈ నీళ్లు చిమ్మే ఫ్యాన్లు మా తరఫున ఫ్రీ" అన్నాడు. ఆ హాల్లో మాకు ఫ్రీగా దొరికింది అదొక్కటే.

ఇక్కడ పెళ్లికొడుకు పెద్దనాయన గురించి చెప్పాలి. ప్రతి ఇంట్లో ఒకాయన ఉంటాడు, తెల్ల ఖద్దరు చొక్కా, తెల్ల పంచె, భుజాన తెల్ల కండువా. మాట ముచ్చట్లలో అందరూ మాట్లాడాక ఆయన గొంతు సవరించుకుంటాడు, అంతే, అప్పటిదాకా మాట్లాడింది లెక్కలోకి రాదు. నిశ్చితార్థంలో ఈయన మాతో, "మాకేం వద్దు. స్టేజీ జర మంచిగుంటే చాలు, పది మంది చూస్తరు" అన్నాడు. తల మీద వెంట్రుక లేదు. చెవుల పైన, వెనక, చుట్టూ ఒక తెల్ల అంచు మాత్రం ఉంది. పీటల పక్కన కుర్చీ వేయించుకుని, మేం నైలాన్ దారంతో కట్టిన పెద్ద పూలగుత్తి కిందే కూర్చున్నాడు. గుత్తి రాణి కలర్. కింది వరుస ఆకులు చిలకాకుపచ్చ.

బయట నలభై నాలుగు డిగ్రీలు. లోపల ఫ్యాన్లు మంచులాగా నీళ్లు చిమ్ముతున్నాయి. అందరూ "అబ్బ, ఎంత సల్లగుందో" అంటున్నారు. అయ్యగారు అడ్డుతెర పట్టమన్నారు. ఒక కొస నేను, ఇంకో కొస మా కాక. అయ్యగారు మంగళాష్టకాలు అందుకున్నారు. అప్పుడే తల ఎత్తి చూశాను.

ఒక రెక్క చివర చుక్క నిలిచింది. బాగా రంగున్న చుక్క. కిందికి సాగింది, వణికింది, నిలబడింది. ఈలోగా ఒక అష్టకం అయిపోయింది. నా రెండు చేతులూ తెరకు అంకితం. జీలకర్ర బెల్లం పెట్టేదాకా తెర దించడానికి లేదు. కాకకు కనుబొమ్మలతో పైకి సైగ చేశాను. తెర పైకెత్తమంటున్నానని ఆయన తన కొస ఇంకా పైకెత్తాడు. కళ్లతో పెద్దనాయనను చూపించాను. ఆయన్ను పలకరించమంటున్నానేమోనని కాక అటు తిరిగి వంగి నవ్వాడు, తెర కిందికి జారింది, "తెర బాబూ, తెర!" అని అయ్యగారు మైకులో కేకేశారు. ఊరంతా నన్నే చూసింది.

చుక్క పడింది. సరిగ్గా నడినెత్తిన.

పెద్దనాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. చెమట అనుకుని కండువాతో ఒకసారి తుడిచాడు. తుడవకపోతే చుక్కే, తుడిస్తే అది జిల్లా. రెండోది పడింది, మళ్లీ తుడిచాడు. మనిషి శుభ్రమైనవాడు, ఒక్క చుక్కను కూడా వదల్లేదు. బతుకమ్మకు గునుగు పువ్వు కొసలు రంగులో ముంచినట్టు, ఆ తెల్ల అంచు మొత్తం రాణి కలర్ తేలింది. ఆ తర్వాత ఆకుల వంతు వచ్చింది.

స్టేజీ మీద ఈ సంగతి తెలిసింది నాకొక్కడికే. కాని వీడియో అతను మా దగ్గర డైనింగ్ హాల్లో పెద్ద ఎల్ఈడీ తెరకు కూడా డబ్బులు తీసుకున్నాడు. పైగా కళ ఉన్నవాడు. పెళ్లికొడుకును, పెళ్లికూతురిని వదిలేసి కెమెరాను నెమ్మదిగా పెద్దనాయన తల మీదికి జరిపి, అక్కడే ఆగాడు. మొదటి బంతిలో కూర్చున్నవాళ్లు చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని చూశారట. ఆ తల గోడంత వెడల్పు ఉందట.

"సుముహూర్తే సావధాన" అన్నారు అయ్యగారు. మేళం మోగింది. తెర దించాం. మగపెళ్లివాళ్లు అందరూ ఒకేసారి పెద్దనాయన వైపు చూశారు. ఆయన తన హోదాకు తగ్గ చూపే అనుకుని తల పంకించాడు. వెనక వరుస నుంచి ఆయన భార్య లేచి వచ్చింది. ఒక నిమిషం నిలబడి చూసింది.

"ఇంటికాడ రంగేసుకొమ్మని ఎంత బతిమిలాడితిని, వద్దంటివి" అంది.

కొబ్బరినూనె పెట్టారు. పెరుగు పెట్టారు. ఎవరో కిరోసిన్ అన్నారు, వాళ్లను పక్కకు తీసుకెళ్లారు. చివరికి పెళ్లికొడుక్కి బరాత్ కోసం తెచ్చిన తలపాగా ఆయనకు చుట్టారు. పెళ్లికొడుకు ఉత్త తలతోనే గుర్రమెక్కాడు. చిటికి తెరకు మాత్రం ఒక్క మరక అంటలేదు, దాన్ని మా అత్త మడతపెట్టుకుంటూ నా ముందు నుంచే రెండుసార్లు అటూ ఇటూ నడిచింది.

నిన్న హాల్‌కు డిపాజిట్ కోసం వెళ్లాను. కార్పెట్ మీద మరకలని సగం కోశాడు. నీ ఫ్యాన్ నీళ్లు చిమ్మితేనే కదా అన్నాను. "ఫ్యాన్ ఫ్రీ సార్, దాని మీద కంప్లయింట్ తీసుకోము" అన్నాడు. ఇంటికొచ్చేసరికి ఫొటోగ్రాఫర్ ఫోన్. పెద్దాయన ఉన్న ప్రతి ఫొటోలో తల రంగు సరిచేయాలంటే ఒక్కో ఫొటోకు వేరే పడుతుందట. మా నాన్న పక్కనే కూర్చుని వింటున్నాడు.

"బ్లాక్ అండ్ వైట్‌లో కొట్టమను" అన్నాడు.