ధిమ్మీలకు రక్షణ ఉంది, సమానత్వం లేదు

ముస్లిం పాలనలో పన్ను కట్టి రక్షణ పొందిన ముస్లిమేతరులే ధిమ్మీలు. క్రీ.శ. 700 ప్రాంతంలో ఇరాక్‌ను ఏలిన ఉమయ్యద్ వంశపు ఖలీఫాల గవర్నర్ అల్ హజ్జాజ్, ఇస్లాం స్వీకరించి బస్రా చేరిన రైతులను పట్టుకుని తిరిగి పల్లెలకు పంపించాడు. మతం మారినా పాత పన్ను కట్టాల్సిందే అన్నాడు. అందరినీ మతం మార్చడమే ఆ పాలకుల ధ్యేయమైతే ఇలా ఎందుకు చేస్తాడు?

కారణం ఖజానా. జయించిన అరబ్బులు కొద్దిమంది. వాళ్లు ఎక్కువగా కూఫా, బస్రా, ఫుస్తాత్ లాంటి సైనిక పట్టణాల్లో ఉండేవారు. చుట్టూ పల్లెల్లో క్రైస్తవులు, యూదులు, జొరాస్ట్రియన్లు పొలాలు దున్ని పన్ను కట్టేవారు. వాళ్లు మతం మారితే ఆదాయం పడిపోతుంది. ఈజిప్టు గవర్నర్ ఖుర్రా ఇబ్న్ షరీక్ అక్కడి అఫ్రొడిటో పట్టణ అధికారి బాసిలియస్‌కు రాసిన పపైరస్ ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో మతచర్చ కంటే బకాయిల గొడవే ఎక్కువ. కొత్త ముస్లింల నుంచి జిజియా, అంటే ముస్లిమేతరులు కట్టే తలపన్ను, వసూలు చేయొద్దని 717-720 మధ్య పాలించిన ఖలీఫా రెండో ఉమర్ గట్టిగా ఆదేశించాల్సి వచ్చిందంటే, అప్పటిదాకా వసూలు చేస్తున్నారనే కదా.

జిజియాకు ఆధారం ఖురాన్ 9:29 వాక్యం. కానీ ఎవరు, ఎంత కట్టాలి అనే వివరాలు తర్వాత న్యాయవేత్తలు తేల్చినవే. ఖలీఫా హారూన్ అల్ రషీద్ కోసం పన్నుల గ్రంథం రాసిన న్యాయవేత్త అబూ యూసుఫ్ ధనికులకు ఏడాదికి 48 దిర్హమ్‌లు, మధ్యతరగతికి 24, కూలిపని చేసుకునేవారికి 12 అని చెప్పాడు. స్త్రీలకు, పిల్లలకు మినహాయింపు ఇచ్చాడు. పన్ను కోసం ఎవరినీ కొట్టకూడదు, ఎండలో నిలబెట్టకూడదు అన్నాడు. ఆ మాట నాకు ఊరట కంటే బాధే ఎక్కువ కలిగిస్తుంది. జరగని పనిని వద్దని ఎవరూ రాయరు.

పన్ను కట్టినవారికి ప్రాణానికి, ఆస్తికి, ఆరాధనకు రక్షణ ఉండేది. పెళ్లి, వారసత్వం లాంటివి వాళ్ల మతపెద్దలే చూసుకునేవారు. ఆ కాలానికి ఇది చిన్న విషయం కాదు. బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) తన యూదులకు, తనతో విభేదించిన క్రైస్తవులకు ఈపాటి నెమ్మది కూడా ఇవ్వలేదు. సింధ్‌లోనూ ఇదే పద్ధతి నడిచింది. అక్కడి ఆలయాలను చర్చిలు, అగ్ని ఆలయాలతో సమానంగా చూస్తామని సింధ్‌ను జయించిన అరబ్ సేనాని ముహమ్మద్ బిన్ ఖాసిం అన్నట్టు 9వ శతాబ్దపు చరిత్రకారుడు బలాజురీ రాశాడు. గ్రంథం ఉన్న మతాలకే అనుకున్న హోదా విగ్రహారాధకులకూ అందింది.

అయినా దీన్ని సమాన పౌరసత్వం అనలేం. ధిమ్మీ హత్యకు గురైతే ఇచ్చే రక్తపరిహారం (హతుడి కుటుంబానికి చెల్లించే సొమ్ము) ఇస్లామిక్ న్యాయ సంప్రదాయాల్లో హనఫీల దృష్టిలో ముస్లింతో సమానం, మాలికీల దృష్టిలో సగం, షాఫియీల దృష్టిలో మూడో వంతు. ముస్లింకు వ్యతిరేకంగా ధిమ్మీ సాక్ష్యాన్ని ఈ మూడు సంప్రదాయాలూ అంగీకరించలేదు. నన్నడిగితే, జిజియా కంటే పెద్ద అన్యాయం ఇదే. పన్ను ఏడాదికోసారి కట్టేస్తే అయిపోతుంది, కోర్టులో మాట చెల్లని మనిషికి మాత్రం రోజూ భయమే.

850లో ఖలీఫా అల్ ముతవక్కిల్ ధిమ్మీలు తేనెరంగు బట్టలు వేసుకోవాలని, వాళ్ల ఇళ్ల తలుపులకు దెయ్యం బొమ్మలు కొట్టాలని, ప్రభుత్వ ఉద్యోగాల్లో వాళ్లను వాడుకోకూడదని ఆదేశించాడు. అదే ఖలీఫాకు వైద్యం చేసినవాడు క్రైస్తవుడైన హునైన్ ఇబ్న్ ఇస్హాక్. పాలకుడికి అవసరమైనవాడికి దర్బారు తలుపులు తెరిచే ఉండేవి, ఆ అవసరం లేని మామూలు క్రైస్తవుడు మాత్రం ఆదేశం ఎలా ఉంటే అలా బతకాల్సిందే.