పీకాల్సిన ఫ్యూజులు వేరే ఉన్నాయి

ఎండలు ముదిరేసరికి విద్యుత్ పంపిణీ సంస్థలకు బకాయిలు గుర్తుకొస్తాయి. నెలాఖరు వసూళ్ల లక్ష్యం నెత్తిన పెట్టుకుని లైన్‌మన్ బస్తీలోకి వస్తాడు. వెయ్యి రూపాయల బాకీ ఉన్న రేకుల ఇంటి ఫ్యూజు పీకి జేబులో వేసుకుని పోతాడు. అవే సంస్థలకు తెలంగాణ ప్రభుత్వ శాఖలు పడ్డ బాకీ రూ.28 వేల కోట్లకు పైమాటేనని 2023 డిసెంబరులో శాసనసభ ముందుంచిన శ్వేతపత్రమే ఒప్పుకొంది. అందులో దాదాపు సగం ఎత్తిపోతల పథకాలదే. ఆ శాఖల గుమ్మం ముందు నిచ్చెన వేసినవాళ్లెవరూ లేరు. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ!

గృహజ్యోతి ఉంది కదా అంటారు. ఉంది. 2024 మార్చి నుంచి రేషన్ కార్డున్న లక్షల ఇళ్లకు జీరో బిల్లు వస్తోంది, కాదనం. కానీ ఆ పథకం గీత 200 యూనిట్ల దగ్గర ఆగిపోతుంది. 201వ యూనిట్ పడిందా, ఆ ఒక్క యూనిట్‌కే కాదు, మొత్తానికీ బిల్లు పడుతుంది. మొదటి 200కు రూ.5.10 చొప్పున 1,020, పైన ఒక్కదానికి 7.70. ఎనర్జీ ఛార్జీలే రూ.1,027.70. స్థిర, కస్టమర్ ఛార్జీలు దీనికి అదనం. నిన్న సున్నా కట్టిన ఇల్లు నేడు వెయ్యి పైన కట్టాలి.

200 యూనిట్లు పేదింటికి ఎక్కువేనని ఏసీ గదిలో కూర్చుని లెక్కలు వేసేవాళ్లు మే నెలలో ఓ రేకుల ఇంటి లెక్క చూడాలి. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 18 గంటలు: రోజుకు 2.7 యూనిట్లు. 180 వాట్ల కూలర్ 12 గంటలు: 2.16. చిన్న ఫ్రిజ్ 1.2. టీవీ, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు కలిపి 0.6. 30 రోజులకు దాదాపు 200 దగ్గర ఆగుతుంది. ఇంట్లో ముసలివాళ్లకు ఒంట్లో బాగాలేక కూలర్ ఓ పగలంతా తిరిగితే గీత దాటినట్టే. పాత ఫ్యాన్, తలుపు రబ్బరు పోయిన ఫ్రిజ్ ఉన్న ఇల్లు నాలుగో వారానికే దాటేస్తుంది. అలా వచ్చిన బిల్లు కట్టకపోతే, అది కట్టేదాకా తర్వాతి నెలల జీరో బిల్లు కూడా ఆపాలన్నది పథకం నిబంధన. అంటే సాయం ఎప్పుడు అత్యవసరమో అప్పుడే సాయం ఆగుతుంది. బాకీ ఉన్న శాఖకు ఏ పథకం ఆపారు?

ఆంధ్రప్రదేశ్‌లో ఇంకో చిత్రం. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే సంక్షేమ పథకాలకు అనర్హులంటూ ఆరు దశల ధ్రువీకరణ పెట్టారు. తమది కాని మీటరు తమ ఆధార్‌కు ముడిపడి, గ్రామ, వార్డు సచివాలయాల చుట్టూ తిరిగినవారెందరో. అక్కడ కరెంటు బిల్లు ఫ్యూజుతోపాటు రేషన్ కార్డునూ పీకగలదు.

చట్టం ఇంత కఠినంగా లేదు. విద్యుత్ చట్టం-2003, సెక్షన్ 56 ప్రకారం రాతపూర్వకంగా నోటీసిచ్చి 15 పూర్తి రోజులు గడిచాకే సరఫరా ఆపాలి. గడప దగ్గర నోటిమాటగా చెప్పింది నోటీసు కాదు. బిల్లు తప్పని వాదన ఉంటే, అడిగిన మొత్తం లేదా గత ఆరు నెలల సగటు, ఏది తక్కువైతే అది ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసిచ్చి కడితే వివాదం తేలేదాకా కట్ చేయకూడదు. ఎప్పటిదో బాకీ హఠాత్తుగా బిల్లులో ప్రత్యక్షమైతే, రెండేళ్లు దాటిన పాత బాకీపై అదే సెక్షన్ పెట్టిన గడువు నిబంధనను అడగాలి. అర్హత ఉండీ జీరో బిల్లు రానివాళ్లు ఆధార్, రేషన్ కార్డు, బిల్లు మీది సర్వీసు నంబరుతో ఎంపీడీవో లేదా మున్సిపల్ కార్యాలయంలో దరఖాస్తివ్వాలి. ఆ నంబరులో ఒక్క అంకె తప్పినా దరఖాస్తు తప్పినట్టే. అద్దెకున్నవాళ్లు ఇంటి ఓనరు బిల్లునే చూసి రాసుకోవాలి. కట్టలేనివాళ్లు గడువు తేదీకి ముందే ఈఆర్‌వో (విద్యుత్ రెవెన్యూ) కార్యాలయంలో వాయిదాలు అడుగుతూ కాగితమిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. 1912కు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు రాసుకోకుండా పెట్టేయొద్దు. అక్కడా తేలకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక, ఆపైన విద్యుత్ అంబుడ్స్‌మన్. లాయరు అక్కర్లేదు.

ఇంత తిరిగేసరికి ఇంట్లో ఎన్ని రాత్రులు చీకటి? అసలు లోటు ఇక్కడే. నెలనెలా రాయితీ ఉంది, ఆపదవేళ సాయం లేదు. అమెరికాలో 1981 నుంచీ నడుస్తున్న ఇంధన సాయ పథకంలో, సంక్షోభంలో ఉన్న కుటుంబానికి దరఖాస్తు చేసిన 48 గంటల్లో, ప్రాణాపాయమైతే 18 గంటల్లో ఏదో ఒక సాయం అందాలని చట్టంలోనే రాశారు. అక్కడా నిధుల కోతలున్నాయి, 2025లో ఆ పథకం చూసే సిబ్బందిని ఇంటికి పంపారు. అయినా గంటల్లో గడువు పెట్టాలన్న ఆలోచన మన ఏ జీవోలోనూ కనిపించదు.

డిస్కంలు (పంపిణీ సంస్థలు) నష్టాల్లో ఉన్నాయి, అందరూ ఎగ్గొడితే సంస్థలు మునుగుతాయన్న వాదనలో నిజం లేకపోలేదు. కానీ ముంచింది ఎవరు? రాయితీ సొమ్మును ప్రభుత్వం ముందుగానే చెల్లించాలని అదే చట్టం సెక్షన్ 65 అంటుంది. పేదింటికి 15 రోజుల గడువు గుర్తుచేసే అధికారులకు సర్కారు గడువు గుర్తుకు రాదు. రేపు ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు ఇంటింటికీ వస్తే నిల్వ అయిపోగానే కరెంటు దానంతటదే పోతుంది. లైన్‌మన్‌ను బతిమాలుకునే వీలు కూడా ఉండదు. అప్పుడు 15 రోజుల నోటీసు ఏ మూలకు పోతుంది? ఇవాళ నోటీసు లేకుండా ఫ్యూజు పీకడం అలవాటైతే రేపు మీటరు అదే అలవాటును నేర్చుకుంటుంది. పైగా ఈ మీటర్లు ముందు ప్రభుత్వ కార్యాలయాలకే పెట్టాలన్నది కేంద్ర పథకం మాట. పెట్టి చూపండి, చూస్తాం.

చేయాల్సింది పెద్ద విద్యేమీ కాదు. గీత దాటితే దాటిన యూనిట్లకే వసూలు చేయండి. బాకీ ఉందని జీరో బిల్లు ఆపొద్దు. వడగాలుల హెచ్చరిక ఉన్న రోజుల్లో ఇళ్ల ఫ్యూజుల జోలికి వెళ్లొద్దు. జిల్లాకో అత్యవసర నిధి పెట్టి, 48 గంటల్లో సర్వీసు ఖాతాకే జమ చేయండి.

ఈలోగా ప్రతి సబ్‌స్టేషన్ గోడ మీద శాఖల వారీ బకాయిల పట్టిక అంటించండి, నెలనెలా తిరగరాయండి. మంత్రులూ, డిస్కంల అధిపతులైన సీఎండీలూ ముందు అది చదవాలి. ఆ తర్వాతే నిచ్చెన బస్తీ వైపు కదలాలి.