గార్డులు ఉంటే నేవీ అక్కర్లేదా?

"వాణిజ్య నౌకల కాపలాకి నేవీలు ఎందుకు? లాభాలు కంపెనీలకి, ఖర్చు జనానికా? నలుగురు తుపాకీ గార్డులను పెట్టుకుంటే చాలు, సోమాలియా సముద్రపు దొంగలను ఆపింది కూడా వాళ్ళే." ఈ మెసేజ్ నాకే నాలుగైదుసార్లు వచ్చింది. చదవగానే న్యాయంగానే ఉందనిపిస్తుంది, అందుకే ఒక్కో మాటా విడదీసి చూడాలి.

ముందు సోమాలియా సంగతి. గార్డుల వల్ల మేలు జరిగింది, కాదనను. కానీ వాళ్ళొక్కరే ఆపారనడం తప్పు. 2008లోనే ఈ దొంగల మీద ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానం చేసింది, యూరప్ దేశాలు ఆపరేషన్ అటలాంటా పేరుతో యుద్ధనౌకల గస్తీ మొదలుపెట్టాయి, భారత నేవీ కూడా ఆ ఏడాదే యెమెన్, సోమాలియాల మధ్య ఉన్న ఏడెన్ గల్ఫ్‌లో గస్తీకి దిగింది. గార్డు చేయగలిగింది దొంగల పడవను దగ్గరికి రానివ్వకపోవడమే. ఎత్తుకుపోయిన నౌకని విడిపించేదెవరు, దొరికినవాళ్ళను కోర్టు దాకా తీసుకెళ్ళేదెవరు? 2023 డిసెంబర్‌లో ఎంవీ రూయెన్ అనే వాణిజ్య నౌకను సోమాలియా దొంగలు హైజాక్ చేస్తే, మూడు నెలల తర్వాత మన యుద్ధనౌక ఐఎన్‌ఎస్ కోల్‌కతా, నేవీ మార్కోస్ కమాండోలు కలిసి దాదాపు 40 గంటలు కష్టపడి 35 మంది దొంగలను లొంగదీసుకున్నారు, 17 మంది సిబ్బందిని క్షేమంగా బయటికి తెచ్చారు. ఆ దొంగలను ముంబై తీసుకొచ్చి పోలీసులకి అప్పగించారు. ఇది ఏ కంపెనీ గార్డు చేయగల పని?

ఇక అసలు విషయం, మెసేజ్ రాసినవాళ్ళు మొత్తానికే వదిలేసింది. ఇప్పుడు వస్తున్నది పడవల్లో నిచ్చెనలు వేసుకుని ఎక్కే దొంగలు మాత్రమే కాదు, క్షిపణులు, డ్రోన్లు. 2024 మార్చి 6న ఏడెన్ గల్ఫ్‌లో ట్రూ కాన్ఫిడెన్స్ అనే నౌకకి యెమెన్‌లోని సాయుధ వర్గమైన హౌతీల క్షిపణి తగిలింది. అందులో 20 మంది సిబ్బందితో పాటు ముగ్గురు సాయుధ గార్డులు కూడా ఉన్నారు! రైఫిల్ పట్టుకుని క్షిపణిని ఏం చేస్తారు? ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఒక వియత్నాం నావికుడు చనిపోయారు. నౌకని వదిలేసి లైఫ్ రాఫ్ట్‌లోకి దిగినవాళ్ళను హెలికాప్టర్, పడవలు పంపి కాపాడింది మళ్ళీ ఐఎన్‌ఎస్ కోల్‌కతానే.

నేవీలు ఉన్నా హౌతీలు ఆగలేదు కదా అంటారా? నిజమే, 2025 జూలైలో కూడా రెండు నౌకలను ముంచేశారు. యుద్ధనౌక ఒక్కటే పరిష్కారమని నేనూ అనడం లేదు, ఆ గొడవ భూమి మీద రాజకీయంగా తేలాల్సింది. తేలేలోపు నీళ్ళలో పడ్డవాళ్ళను తీసేది ఎవరన్నదే నా ప్రశ్న.

నౌకల్లో తుపాకులు పెంచడం కూడా అంత తేలిక కాదు. 2012లో కేరళ తీరం దగ్గర ఎన్‌రికా లెక్సీ ట్యాంకర్ మీదున్న ఇటలీ మెరైన్లు, దొంగలనుకుని ఇద్దరు జాలర్లను కాల్చి చంపారు. వాళ్ళు శిక్షణ పొందిన సైనికులు, అయినా ఆ ఘోరం జరిగింది. కేసు సుప్రీంకోర్టులో ముగిసేసరికి 2021 వచ్చింది.

"లాభాలు కంపెనీలకి" అన్న మాట సగమే నిజం. ఈ దాడుల భయంతో నౌకలు ఎర్ర సముద్రం మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగితే పది రోజులకి పైగా ఎక్కువ పడుతుంది, ఆ ఇంధనం, ఇన్సూరెన్స్ అన్నీ సరుకు రేటులో కలిసి కొనేవాళ్ళ దగ్గరికే వస్తాయి.

ఒక్క చోట మాత్రం ఆ మెసేజ్ కోపం సరైనదే. ట్రూ కాన్ఫిడెన్స్‌ది బార్బడోస్ జెండా (అంటే రిజిస్టర్ అయింది ఆ దేశంలో), నడిపేది గ్రీకు కంపెనీ, కాపాడింది భారత నేవీ. పనామా, లైబీరియా లాంటి దేశాలు వేల నౌకలకి జెండా ఇచ్చి ఫీజు తీసుకుంటాయి, ఆపద వస్తే పంపడానికి వాటి దగ్గర యుద్ధనౌకలు లేవు. ఆ ఫీజులో కొంత గస్తీ ఖర్చుకి ఇవ్వాలని డిమాండ్ చేయండి, నేనూ సంతకం పెడతాను.