చనిపోయినవాళ్ళ ఇల్లు వేలానికొస్తే చవకగా దొరుకుతుందని ఎవరు చెప్పారు?

సిడ్నీలో ఇల్లు వెతుక్కుంటున్న మనవాళ్ళలో ఈ నమ్మకం బాగా పాతుకుపోయింది. ప్రకటనలో 'డిసీజ్డ్ ఎస్టేట్' (చనిపోయినవాళ్ళ ఆస్తి) అన్న మాట కనిపిస్తే చాలు, వారసులు ఎంతో కొంతకి వదిలించుకుంటారట, త్వరగా వెళ్ళి చూడండి అంటూ వాట్సాప్ గ్రూపుల్లో లింకులు తిరుగుతాయి.

అసలు అమ్ముతున్నది ఎవరో చూడండి. వీలునామాలో ఎగ్జిక్యూటర్‌గా పేరున్న మనిషి, అంటే వీలునామా అమలు చేయాల్సినవాడు, ప్రొబేట్ (వీలునామా చెల్లుతుందన్న కోర్టు ఉత్తర్వు) తెచ్చుకుని, ఇల్లు అమ్మి, వచ్చిన డబ్బు వాటాదారులకు పంచాలి. తక్కువకి ఇచ్చేశాడంటే రేపు సొంత అక్కాచెల్లెళ్ళే కోర్టుకి లాగొచ్చు. అందుకే చాలామంది వేలానికి వెళ్తారు. నలుగురి ముందు పాట జరిగింది, వచ్చిన రేటు ఇదీ అని చూపించుకోవచ్చు. అలాంటి మనిషి మనకి ఎందుకు తగ్గించి ఇస్తాడు? తొందర అసలు ఉండదని అనను. పోయినవాళ్ళు చివరిదాకా ఉన్న సొంతిల్లయితే, వాళ్ళు పోయిన రెండేళ్ళలోపు సెటిల్‌మెంట్ (మిగతా డబ్బు కట్టి ఇల్లు చేతులు మారడం) అయిపోతే సాధారణంగా క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు కాబట్టి ఆ గడువు దగ్గరపడ్డప్పుడు కాస్త మెత్తబడొచ్చు. అంతే.

ధర సంగతి అలా ఉంచండి. నన్ను ఎక్కువ బాధపెట్టేది, ఆ ఇంటి గురించి తెలిసిన మనిషే మిగలకపోవడం.

ఈమధ్య అలాంటి ఇల్లొకటి చూశాం. ముందుగదిలో కొత్త పెయింట్ వాసన ఇంకా పోలేదు. బాత్రూంలో పాతకాలం షీటు గోడలు, మీటర్ బాక్సులో పింగాణీ ఫ్యూజులు, సేఫ్టీ స్విచ్ లేదు. వెనకగదిలో కిటికీ దగ్గర కార్పెట్ మీద కాలు వేస్తే కింద చెక్క మెత్తగా దిగింది. చెదలా, నీళ్ళు కారి పుచ్చిందా అని ఏజెంటుని అడిగితే, పోయినావిడ కొడుకు వేరే రాష్ట్రంలో ఉంటాడని, ఆయనకేమీ తెలియదని చెప్పాడు. అబద్ధం ఆడాడని నేను అనుకోను. పైకప్పు ఎప్పుడు కారిందో, వెనకగది కట్టినప్పుడు కౌన్సిల్ అనుమతి తీసుకున్నారో లేదో చెప్పగలిగిన ఆవిడ ఇప్పుడు లేరు. 1990కి ముందు కట్టిన ఇళ్ళలో, దుమ్ము పీలిస్తే ప్రమాదకరమైన ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ, ఆస్ట్రేలియాలో దాన్ని పూర్తిగా నిషేధించింది 2003 చివర్లోనే. ఆ షీటు గోడలు పగలగొట్టాలంటే ముందు టెస్టు చేయించాలి.

ఇవన్నీ తెలియకుండానే పాట పాడాలి, సుత్తి పడిందంటే ఇక వెనక్కి లేదు. మామూలుగా కొంటే సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్‌లో 5 పనిదినాల కూలింగ్ ఆఫ్, అంటే మనసు మార్చుకుని వెనక్కి తగ్గే గడువు, ఉంటుంది, వేలంలో కొంటే ఆ హక్కు లేదు. అక్కడికక్కడే సంతకం, సాధారణంగా 10 శాతం డిపాజిట్. తర్వాత బ్యాంకువాళ్ళు వాల్యుయేషన్ తక్కువ వేసినా, లోన్ ఆగిపోయినా ఆ టెన్షన్ అంతా కొన్నవాళ్ళదే.

కాబట్టి వేలానికి ముందే బిల్డింగ్, పెస్ట్ ఇన్‌స్పెక్షన్ చేయించుకోవాలి. ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. ఆరు కుటుంబాలు ఒకే ఇంటి మీద ఆశపడితే ఆరుగురూ విడివిడిగా డబ్బు కట్టి అదే అటక, అదే నేల కింద చూపించుకుంటారు, అయిదుగురి డబ్బు వృథా. రెండు మూడు ఇళ్ళు చేజారాక విసిగిపోయి రిపోర్టు లేకుండానే పాటకి దిగేవాళ్ళున్నారు. వాళ్ళని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. కాన్‌బెర్రాలో ఇల్లు అమ్మేవాళ్ళే ఆ రిపోర్టులు కాంట్రాక్టుతో పాటు ఇవ్వాలని చట్టం, కొన్నవాళ్ళు సెటిల్‌మెంట్ అప్పుడు ఆ ఖర్చు తిరిగి ఇచ్చేస్తారు. కారులో మూడు గంటల దూరంలో జరుగుతున్న పని ఇక్కడ ఎందుకు కుదరదు? కనీసం పోయినవాళ్ళ ఇళ్ళకైనా పెట్టాలి, ఎందుకంటే అక్కడ అడగడానికి కూడా ఎవరూ ఉండరు. ఖర్చు ఎస్టేట్ నుంచి పెట్టుకోవచ్చు, ఎగ్జిక్యూటర్ జేబుకి చిల్లేమీ పడదు.

అప్పటిదాకా, పాటకి ముందే కాంట్రాక్టు లాయరుకి చూపించండి. ప్రొబేట్ వచ్చిందా, రాకపోతే సెటిల్‌మెంట్ ఎప్పుడు అని అడగండి. డిపాజిట్, గడువు లాంటివి మార్చుకోవాలన్నా అప్పుడే మాట్లాడుకోవాలి. ఇల్లు పూర్తిగా ఖాళీ చేసి ఇస్తామని రాశారో లేదో కూడా చూసుకోండి, షెడ్డు నిండా ఉన్న సామాను ఎవరు తీస్తారన్నది తర్వాత తేలదు.